ఇంట్ల పది రూపాయల కాడ లొల్లి కాకుంట ఉండాలంటే ఏం చేయాలి

బయట చాయ్ తాగిండు, ఆటో ఎక్కింది, పిల్లగానికి చిప్స్ కొనిచ్చిర్రు, లైట్ బంద్ చేయకుంట పోయిండు, కొత్తిమీర కట్టకు బేరం ఆడకుంట తెచ్చింది. మన దిక్కు ఇండ్లల్ల మాటా మాటా పెరిగేది చాలాసార్లు ఇసుంటి కాడనే. బోరు వేయించాలె అంటే ఇంటిల్లిపాది ఒక్క మాట మీదికి వస్తరు, పది రూపాయల కాడ మాత్రం రెండు రోజులు మాట్లాడుకోరు. మిర్యాలగూడ పోయినా దేవరకొండ పోయినా జడ్చర్ల, వనపర్తి ఏడ చూసినా ఒకే ఇంట్ల మూడు తీర్ల మనుషులు ఉంటరు, రూపాయి తీయాలంటే పది సార్లు ఆలోచించే పెద్దమనిషి, నెల జీతం వస్తది కదా అని ఖుషీగ ఖర్చు పెట్టే కొడుకు, ఇద్దరి నడుమ ఇరుక్కొని కిరాణం లెక్క చూసుకునే ఇంటామె. వీళ్లల్ల ఎవరిది కరెక్టో తేల్చుడు నా పని కాదు. ముగ్గురు ఒకే ఇంట్ల మనసు విరగకుంట ఉండాలంటే ఏం చేయొచ్చో, నాకు తెలిసిన కాడికి వరుసగ చెప్త.

మొదలు: ఎవరి అలవాటు ఏడికెళ్లి వచ్చిందో అడగండి

లెక్కల పుస్తకం తీయకముందే ఈ పని చేయాలె, చాలామంది దీన్ని వదిలేసి సీదా లెక్కలకు పోతరు, అందుకే రెండో రోజే లొల్లి.

మనిషి చేతికి పైసలు ఎట్ల వచ్చినయో ఖర్చు పెట్టే తీరు గూడ అట్లనే తయారైతది. వ్యవసాయం చేసిన ఇంట్ల పైసలు ఏడాదికి రెండు సార్లు వస్తయి, వానకాలం వడ్లో పత్తో అమ్మినప్పుడు ఒకసారి, యాసంగి వడ్లు అమ్మినంక ఒకసారి, అది గూడ వానలు పడితేనే, బోరు ఎండకపోతేనే. కొనుగోలు సెంటర్ల వడ్లు పోసినా అకౌంట్ల పైసలు పడేదాక ఎదురు చూసుడే. ఆ నడుమ నెలలన్ని కిరాణం కాడ ఉద్దెర, ఎరువుల షాపుల ఉద్దెర, దాని మీద మిత్తి. అట్లాంటి ఇంట్ల పెరిగిన మనిషికి జేబుల ఉన్న ఇరవై రూపాయలంటే మళ్లెప్పుడు వస్తయో తెల్వని ఇరవై రూపాయలు. ఉంటే ఉగాది లేకుంటే శివరాత్రి అని మనోళ్లు ఊకె అనలేదు, రెండూ చూసిన వాళ్లు అన్న మాట అది.

పాలమూరు దిక్కు ఇంకో కథ. ఎన్నో ఊర్లల్ల మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ పట్టుకొని బొంబాయి, పూణె పోయి, ఆ అడ్వాన్స్ తీరేదాక రోడ్ల పనుల, డ్యామ్ పనుల, బిల్డింగ్ పనుల చేసిన ఇండ్లు ఉన్నయి, పాలమూరు లేబర్ అంటే దేశం మొత్తం తెలిసిన పేరు. ముసలోళ్లను పిల్లలను ఊర్ల వదిలిపెట్టి పోయి అక్కడ గుడిసెల ఉండుకుంట రూపాయి రూపాయి మిగిలిచ్చిన అవ్వ, ఇయ్యాల మనవడు సగం తిని పడేసిన బిస్కెట్ ప్యాకెట్ చూసి కోపం చేస్తే ఆ కోపం బిస్కెట్ మీద కాదు.

ఇగ ఒకటో తారీఖు జీతం పడే కొడుకో కోడలో, వాళ్లకు ఈ నెల అయిపోతే వచ్చే నెల ఉంటది. వాళ్లకు పది రూపాయలంటే నిజంగనే పది రూపాయలే, అది గూడ తప్పు కాదు.

అందుకే ముందుగాల అడగండి. పొద్దుగూకినంక గద్దె మీద కూసున్నప్పుడు, "నాయినా, మీ చిన్నప్పుడు ఇంట్ల పైసలు ఎవరి చేతుల ఉండేవి, పండుగకు బట్టలు ఎట్ల కొనేటోళ్లు" అని. కోడలైతే "అత్తమ్మా, మీరు కొత్తగ వచ్చినప్పుడు మీ చేతికి ఖర్చులకు ఎవరన్న ఇచ్చేటోళ్లా" అని అడగండి. ఈ రెండో ప్రశ్నకు చాలామంది అత్తమ్మలు కొంచెం సేపు ఆగి చెప్తరు, వాళ్ల చేతికి ఎప్పుడు పైసలు ఇయ్యలే గనుక కొంగుకు ముడేసుకున్న చిల్లరనో పోపుల డబ్బాల దాచిన నోటో తప్ప వాళ్లకు సొంతం అనేది లేకుండె. మీరు ఊకె వినండి, మధ్యల సలహా ఇయ్యకండి, "ఇప్పుడు కాలం మారింది" అనే మాట అసలే వద్దు. అట్లనే పెద్దోళ్లు గూడ కొడుకును అడగాలె, నీ ఆఫీసుల చాయ్‌కి అందరితోని పోకుంటే ఏమైతది బిడ్డా అని. అడిగితే తెలుస్తది, అక్కడ చాయ్ కాడనే సగం పని ముచ్చట్లు నడుస్తయని.

తర్వాత: ఒక్క నెల రాయండి, పేర్లు రాయకండి

వంటింట్ల గోడకు ఒక చిన్న నోటుబుక్కు, దానికి దారంతోని పెన్ను కట్టండి. పెన్ను కట్టకుంటే రెండో రోజు పెన్ను ఉండదు, మూడో రోజు రాసుడు ఉండదు. పాలు, కూరగాయలు, చాయ్, ఆటో, రీచార్జ్ ఏదైనా వస్తువు పేరు, పైసలు, అంతే. ఎవరు ఖర్చు పెట్టిర్రో రాయొద్దు. ఇది చాలా ముఖ్యం, పేరు రాసినమంటే అది లెక్కల బుక్కు కాదు దొంగల లిస్టు అయితది, మనుషులు ఖర్చు ఆపరు గని రాసుడు ఆపుతరు.

ఫోన్‌పే, గూగుల్ పే పైసలు మర్చిపోయినా పరవాలేదు, హిస్టరీల నెల మొత్తం ఉంటది. నెలాఖరుకు ఒకసారి చూసుకొని బుక్కులకు ఎక్కించుకోవచ్చు. దాంట్లనే ఆటోపే అని ఒకటి ఉంటది, అది తెరిచి చూడండి, ఎప్పుడో ఫ్రీ ట్రయల్ అని నొక్కిన యాప్‌లకు నెల నెల పైసలు పోతుంటయి, ఇంట్ల ఎవ్వలు చూడరు వాటిని. అక్కడనే క్యాన్సిల్ చేయొచ్చు.

నెల అయినంక: ఒక్కటే కొలతతోని లెక్క చూడండి

మన ఇండ్లల్ల జరిగేది ఏందంటే ఎవరి ఖర్చు వాళ్లు రోజు లెక్కల చెప్పుకుంటరు, పక్కోళ్ల ఖర్చు మాత్రం ఏడాది లెక్కల చెప్తరు. కొడుకు "రోజుకు రెండు చాయ్‌లు, ఇరవై రూపాయలే గద" అంటడు. తండ్రి "ఏడాదికి ఏడు వేల మూడు వందలు తాగుతున్నవ్" అంటడు. రెండు లెక్కలు కరెక్టే, అందుకే ఇద్దరు ఓడిపోరు, లొల్లి ఆగదు. ఇంట్ల ఒక రూల్ పెట్టుకోండి, ఎవరి ఖర్చైనా సరే నెల లెక్కలనే మాట్లాడాలె. చాయ్ ఆరు వందలు, బీడీలు ఇంత, పూలు ఇంత, ఇంటర్నెట్ ఇంత. నెల లెక్కల పెడితే ఏది చిన్నగ కనపడదు ఏది రాక్షసి లెక్క కనపడదు.

ఇగ కరెంటు ముచ్చట, పెద్దోళ్లకు పిల్లలకు దీని మీద పడినంత లొల్లి దేని మీద పడది, అందుకే కొంచెం వివరంగ చెప్త. 9 వాట్ల ఎల్ఈడీ బల్బు ఒక యూనిట్ కాల్చాలంటే నూట పది గంటలు దాటాలె. రోజుకు ఐదు గంటలు ఊకె వెలిగినా నెలకు యూనిటున్నర గూడ కాదు. అదే 2,000 వాట్ల గీజర్ అర్ధగంట పెడితే ఒక యూనిట్, రోజూ పెడితే నెలకు 30. పాత ఫ్యాన్ 75 వాట్లు ఉంటది, పది గంటలకు ముప్పావు యూనిట్. ఎండాకాలం కూలర్ 150, 200 వాట్లు గుంజుతది, రాత్రంత నడిస్తే నెలకు 50 యూనిట్ల దాక వస్తది. అంటే నాయిన బల్బు కాడ కొట్లాడేది గీజర్ కాడ కొట్లాడితే ఇంటికి నిజంగ మిగులుతది.

కాని నాయిన భయంల గూడ నిజం ఉన్నది. తెలంగాణ సర్కారు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాక జీరో బిల్లు, 2024 మార్చి నుంచి వస్తున్నది, అది వచ్చే ఇండ్లల్ల 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలె. 195 కాడ ఉన్న ఇంటికి ఆ చివరి పది యూనిట్లే పిరం. కాబట్టి ఏప్రిల్, మే నెలలల్ల ఇరవయ్యో తారీఖు లోపల్నే ఒకసారి మీటర్ చూసుకోండి, పోయిన బిల్లు మీద ఉన్న రీడింగ్ తీసేస్తే ఎన్ని కాలినయో తెలుస్తది. ఈ పని నాయినకే అప్పజెప్పండి. ఆయన జాగ్రత్తకు ఒక పనికొచ్చే జాగ దొరుకుతది, పిల్లల ఎనకాల పడుడు తగ్గుతది.

బేరాల లెక్క గూడ చూడండి. పక్క టౌన్‌ల కూరగాయలు అగ్గువ అని బండి మీద పోను రాను ఇరవై కిలోమీటర్లు పోతే, బండి యాభై మైలేజ్ ఇచ్చినా నలభై రూపాయల పైన పెట్రోలే అయితది. వారానికి సరిపడ అంగట్ల తెచ్చుకుంటే లాభమే, రెండు కిలోల టమాటల కోసం అయితే కాదు. షాంపూ లాంటివి పెద్ద బాటిలే అగ్గువ అనుకోకండి, కొన్నిసార్లు చిన్న ప్యాకెట్లే అగ్గువ పడ్తయి, ఇప్పుడు చాలా వాటి మీద గ్రాముకు ఎంత, మిల్లీలీటర్‌కు ఎంత అని గూడ అచ్చేస్తున్నరు, అది చూడండి.

అన్నిటికన్నా పెద్ద బొక్క మిత్తి. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే వినడానికి రెండే, ఏడాదికి అది 24 శాతం. 50,000 అట్ల తెస్తే నెలకు వెయ్యి రూపాయలు మిత్తికే, అంటే రోజుకు 33, మూడు చాయ్‌ల పైన. ఆ మిత్తి గురించి ఇంట్ల ఎవ్వలు మాట్లాడరు, ఎందుకంటే అది రోజూ కంటికి కనపడది. మహిళా సంఘంల బ్యాంకు లోను, బ్యాంకుల బంగారం లోను దానికన్నా చాలా తక్కువ మిత్తికి వస్తయి. 3 లక్షల దాక పంట లోను టైముకు కడితే కేంద్రం రాయితీ పోను 4 శాతమే పడ్తది. నెల లెక్క చూసిన రోజు ఇంటిల్లిపాది కలిసి ముందుగాల దీని మీదనే కూసోండి. చాయ్ ముచ్చట దానంతట అదే చిన్నగైతది.

అసలు పని: అందరికి అడగని పైసలు

ఈ ఒక్కటి చేస్తే మిగిలినవి సగం చేసినట్టే. ఇంట్ల ప్రతి ఒక్కరికి, పని చేసినా చేయకున్నా, నెలకు ఇంత అని ఒక మొత్తం పక్కకు పెట్టండి. దాని లెక్క ఎవ్వలు ఎవ్వలను అడగొద్దు. మూడు వందలా ఎనిమిది వందలా మీ ఇంటి ఆదాయం చూసుకోండి, ఎంతైనా గని భార్యాభర్తలకు ఒకటే మొత్తం ఉండాలె. ఆయన సంపాదిస్తుండు గనుక ఆయనకు రెండు వేలు, ఆమె ఇంట్లనే ఉంటది గనుక రెండు వందలు అంటే అది ఈ పద్ధతి కాదు. ఇంట్ల ఉన్న ఆడమనిషి మిరపకాయ బజ్జీలు తెచ్చుకోవాలన్నా, చెల్లె బిడ్డకు యాభై రూపాయలు చేతుల పెట్టాలన్నా ఒకరిని అడగాల్సి వచ్చుడు చాలా నొచ్చుకునే విషయం, బయటికి చెప్పరు గని.

ఫోన్ వాడేటోళ్లకైతే ఈ మొత్తం యూపీఐ లైట్‌ల, అంటే ఫోన్‌పే లాంటి యాప్‌ల ఉండే చిన్న పర్సుల, వేసుకొమ్మని చెప్పండి. దాంట్ల 5,000 దాక పెట్టుకోవచ్చు, ఒకసారికి 1,000 దాక పిన్ లేకుంట పంపొచ్చు, పాస్‌బుక్‌ల ఒక్కో చాయ్ ఒక్కో లైన్ లెక్క పడది, వేసిన మొత్తం ఒక్కటే పడ్తది. ఎవరన్న పాస్‌బుక్ తిరగేసి ఇదేంది అదేంది అనే పని ఉండదు. ఫోన్ లేని పెద్దోళ్లకు నోట్లే ఇయ్యండి, చిల్లర చేసి ఇయ్యండి, ఐదు వందల నోటు ఇస్తే వాళ్లు దాన్ని విడిపించరు.

పింఛన్ ముచ్చట వేరే చెప్పాలె. ఆసరా పింఛన్ 2019ల 2,016 రూపాయలు చేసిర్రు, అది అవ్వదో తాతదో, ఇంటి ఖర్చుల కలుపుకునేది కాదు. అవ్వ దాంట్ల నుంచి మనవనికి రోజూ పది రూపాయలు ఇస్తది, మీకు నచ్చదు, పిల్లగాడు చిప్స్ తిని అన్నం తింటలేడు అంటరు. అది నిజమే అయితే చిప్స్ సంగతి పిల్లగానితోని మాట్లాడండి, అవ్వ చేతిని మాత్రం ఆపొద్దు. మనవడు ఉరికొచ్చేది ఆ పది రూపాయలకే అని ఆమెకు తెలుసు, తెలిసే ఇస్తది. మరీ అయితే, "అవ్వా, రోజూ ఇయ్యకు, గల్లగురిగిల వెయ్, దసరాకు పగలగొడదం" అనండి.

అట్లనే ఫ్రీ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల టికెట్ లేదు కద, అట్ల మిగిలిన కిరాయి ఆడోళ్ల సొంతం అని ముందే అనుకోండి. "బస్సు ఫ్రీ అయితే మాత్రం ఊకె ఊకె పుట్టింటికి పోవుడెందుకు" అనే మాట ఎన్ని ఇండ్లల్ల విన్ననో. పైసలే పోనప్పుడు ఖర్చు పేరు మీద ఆ మాట అనొద్దు.

అడిగే గీత ఒకటి పెట్టుకోండి

అడగని పైసలు పోను, ఇంటి పైసలల్ల నుంచి ఎంత దాటితే చెప్పాలె, ఎంత దాటితే అడగాలె అని రెండు నంబర్లు. ఉదాహరణకు ఐదు వందల లోపు ఎవరిష్టం వాళ్లది, ఐదు వందలు దాటితే ఇంట్ల చెప్పాలె, రెండు వేలు దాటితే ముందుగాల అడగాలె. నంబర్ మీ ఇష్టం. ఇది అందరికి వర్తించాలె, ఇంటి పెద్దకు గూడ. దోస్తుకు చేబదులు ఇచ్చినా దాని కిందికే వస్తది.

ఏడ పొదుపు చేయొద్దో గూడ రాసి పెట్టండి

పొదుపు చేసే మనుషులంటే నాకు చాలా గౌరవం, ఇండ్లు నిలబడ్డది వాళ్ల వల్లనే. కాని కొన్నిటి కాడ మిగిలిచ్చుడు ప్రాణం మీదికి తెస్తది, అవి ముందే ఒప్పుకొని పెట్టుకుంటే తర్వాత మాట రాదు.

నీళ్లు. నల్గొండ జిల్లాల మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిన మనుషులను చూసినోళ్లకు ఇది చెప్పే పని లేదు. నల్లాల కృష్ణ నీళ్లు వస్తున్న కాడ అవే పట్టి తాగొచ్చు, ఏ కారణంతోనన్న నాలుగు రోజులు రాకపోతే బోరు నీళ్లే కాగబెట్టి తాగుదం అనకండి, కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకింత చిక్కనైతది. ఆ నాలుగు రోజులు క్యాన్ కొనుడు దుబారా కాదు.

బీపీ, షుగర్ గోలీలు. పెద్దోళ్లు రోజు తప్పించి రోజు వేసుకొని నెల గోలీలు రెండు నెలలు నడిపిస్తరు, మనకు చెప్పరు. గోలీల షీట్ చూసి లెక్కపెట్టండి, కోపం చేయకండి. డాక్టర్‌ను అడిగి జన్ ఔషధి షాపుల అదే మందు తీసుకుంటే చాలా అగ్గువ, ఆ సంగతి చెప్తే వాళ్లే వేసుకుంటరు. గ్యాస్ పైపు ఐదేండ్లకు ఒకసారి మార్చాలె, దాని మీద తారీఖు అచ్చేసి ఉంటది. హెల్మెట్, కంటి అద్దాల కాడ గూడ వెనుకాడొద్దు. మళ్ల మళ్ల కాచిన నూనె వాడుడు గూడ పొదుపు కాదు.

పండుగలు, దావత్‌లు

రోజూ పది రూపాయల కాడ ఆగే ఇల్లు దసరాకు యాట కాడ, ఒడిబియ్యం కాడ, పెండ్లిల కట్నం (చదివింపులు) రాయించే కాడ ఆగది, అట్ల ఆగొద్దు గూడ, నలుగురిల ఉన్నప్పుడు ఇచ్చుడు తీసుకునుడు ఉంటది. కాని ఆ పైసలు ఏడికెళ్లి వస్తయో ముందే అనుకోకుంటే అవి మిత్తికే వస్తయి. అందుకే పండుగల పేరు మీద బ్యాంకుల నెల నెల ఇంత అని కట్టే ఆర్‌డీ ఒకటి పెట్టుకోండి, బతుకమ్మకు ముందుగాల చేతికొచ్చేటట్టు. పిల్లల చదువుల లాంటి దూరపు పనికైతే పోస్టాఫీసు ఆర్‌డీ ఉన్నది, నెలకు వంద రూపాయల నుంచి కట్టొచ్చు, ఐదేండ్లు. చిట్టీ వేస్తే రిజిస్టర్ అయిన చిట్టీనే వేయండి, 2019ల చట్టం మార్చినంక చిట్టీ నడిపేటోళ్ల కమీషన్ 7 శాతం దాటొద్దు. తెలిసినాయన నడుపుతుండు గద అని కాయితం లేని చిట్టీల ఇంటామె నాలుగేండ్ల పొదుపు పెట్టకండి.

మాట ఎట్ల తీయాలె

అన్నం కాడ పైసల ముచ్చట వద్దు. చుట్టాలు ఉన్నప్పుడు వద్దు. ఖర్చయిన రోజు గూడ వద్దు, పోయిన పైసలు తిరిగి రావు, నెలకొకసారి కూసునే రోజు ఉంటది కద, ఆ రోజుకు దాచుకోండి. "మీ పుట్టింట్ల ఇట్లనే చేస్తరా", "మీ నాయిన లెక్కనే పిసినారివి" అనే రెండు మాటలు ఇంట్లకెళ్లి తీసేయండి, వీటి తర్వాత ఏ లెక్క ముందుకు పోదు.

మామ కొత్త చెప్పులు వద్దంటున్నడనుకోండి, "మామా, మీ చెప్పులకు ఈ నెల పైసలు పక్కకు పెట్టినం, మీరు కొనుక్కోకుంటే అవి అట్లనే ఉంటయి" అనండి. కొనుమని బతిమిలాడకండి. పక్కకు పెట్టిన పైసలు కంటికి కనపడ్తే పొదుపు మనిషికి ధైర్యం వస్తది, ఆయన భయమంత అవి ఏడికెళ్లి వస్తయనే. ఖర్చు మనిషితోనైతే వేరే తీరు, "ఇది కొనకు" అంటే వినరు, "ఈ నెల ఇంకా ఎనిమిది వందలు ఉన్నయి, ఇరవై ఐదో తారీఖుకు సిలిండర్ వస్తది" అంటే వాళ్లే ఆగుతరు.

పిల్లలను మధ్యలకు తేవొద్దు. "డాడీ ఎంత ఖర్చు పెట్టిండో చూసి చెప్పు" అని పంపకండి. వాళ్లకు గూడ వారానికి ఇంత అని ఇయ్యండి, మంగళవారం వరకే అయిపోతే మళ్ల ఆదివారం దాక ఇయ్యకండి.

మూడు నెలలకోసారి అడగని పైసల మొత్తం, అడిగే గీత రెండు మళ్ల చూసుకోండి. పంట పైసలు వచ్చిన నెలల పెంచొచ్చు, పెండ్లి ఉన్న నెలల తగ్గించుకోవచ్చు, తగ్గిస్తే మాత్రం ఇంటి పెద్దది ముందుగాల తగ్గాలె, అవ్వది ఆఖరికి.